పడుగొస్తుంది, జరుగుండ్రి

మా మేనత్త రాజవ్వను పోయిన ఎండాకాలం కారు మీదుగా దాటించారు. కారులో కాదు, కారు మీదుగా. ఈ మాట చెబితే వినేవాళ్లు ముందు నవ్వుతారు, తరువాత నా మొహం చూసి నవ్వు ఆపుకుంటారు. నేను పుట్టి పెరిగిన సిద్దిపేట గల్లీ గురించి రాయమని ఇంతకుముందు ఒకరిద్దరు అడిగారు. రాస్తే అన్నీ మంచి మాటలే రాయాల్సి వస్తుందేమోనని జంకి వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు ఆ జంకు లేదు.

రాజవ్వ మా బాపుకు చెల్లెలు. ఎనభై దాటింది. గల్లీ చివరి ఇంట్లో ఒక్కతే ఉంటుంది, తన వంట తను వండుకుంటుంది, ఎవరింట్లో ఎవరితో ఎవరికి మాటలు లేవో అన్నీ కనిపెట్టి పెట్టుకుంటుంది. ఆ రోజు పొద్దున స్నానాల గదిలో కాలు జారి పడింది. నేను ఊరి అవతల కొత్త కాలనీలో ఉంటాను. మా తమ్ముడు నర్సింలు ఫోన్ చేసి, "అక్కా, అత్త పడ్డది. లేస్తలేదు. అంబులెన్సుకు జెప్పినం, నువ్వు జల్ది రా" అన్నాడు. బడిలో పంతులమ్మగా పనిచేసి రిటైరైన నాకు ఒక స్కూటీ ఉంది. తల నెరిశాక నేర్చుకున్నాను, రెండుసార్లు కింద పడ్డాను, అయినా వదల్లేదు. ఆ గల్లీకి ఎప్పుడు వెళ్లినా దాన్ని మొదట్లో ఉన్న కిరాణా దుకాణం పక్కన నిలిపి లోపలికి నడిచే వెళతాను. గల్లీలో బండి పెట్టకూడదన్నది నా నియమం. ఆ నియమం చూసుకుని నాకు కొంత గర్వం కూడా ఉండేది.

నేను చేరేసరికి అంబులెన్సు వచ్చి దుకాణం ముందు ఆగి ఉంది. లోపలికి పోయే దారి లేదు. అందులో వచ్చిన ఇద్దరూ స్ట్రెచర్‌ను నిలువుగా పట్టుకుని, మోటారు సైకిళ్ల సందుల్లోంచి దూరి, గల్లీ చివరిదాకా పోయి అత్తను దాని మీద పడుకోబెట్టుకుని, అడ్డమున్న బండ్లు జరిపించుకుంటూ బయలుదేరారు. సగం దూరం వచ్చి, ఒకప్పుడు మా బాపుది, ఇప్పుడు మా తమ్ముడిది అయిన ఇంటి ముందు ఆగిపోయారు. అక్కడ నర్సింలు కొడుకు రాకేశ్ కారు ఉంది. కారుకు బూడిదరంగు గుడ్డ తొడిగి, నాడాలు కట్టి, చంటిపిల్లను పడుకోబెట్టినంత జాగ్రత్తగా పెట్టాడు. సగం కారు సిమెంటు ర్యాంపు మీద, సగం దారిలో. ఎదురింటివాళ్లు తమ మెట్లను దారిలోకి దింపుకున్నారు. ఆ మెట్లకూ కారుకూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని పోయేంత సందు ఉంది. స్ట్రెచర్ పట్టదు.

"కారు తాళంచెవి యాడున్నదిరా?" అని నర్సింలును అడిగాను.

"రాకేశ్ తాన్నే ఉన్నదక్కా. వాడు హైదరాబాద్ పోయిండు."

"కారు ఈడ పెట్టి ఎట్ల పోయిండు?"

"బస్సుల పోయిండు. ఆడ కారు పెట్ట జాగ దొరకది గద."

అక్కడ జాగా దొరకదని ఇక్కడి జాగాలో పెట్టి పోయాడు. నర్సింలు ఫోన్ కలిపి అందరికీ వినబడేలా పెట్టాడు. రాకేశ్ పాపం కంగారుపడ్డాడు. "అయ్యో, గట్లనా! మీదికెల్లి లేపి అవుతలికి అందియ్యుండ్రి నాయినా" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "కవరున్నది గని జర పైలం, గీతలు పడ్తయి" అన్నాడు. అత్త స్ట్రెచర్ మీద పళ్లు బిగపట్టి మూలుగుతోంది. నలుగురు మెట్ల మీద, నలుగురు మా తమ్ముడి వరండాలో నిలబడి ఆమెను ఛాతీ ఎత్తున పట్టుకుని కారు మీదుగా చేతులు మార్చుకున్నారు. ఎవరి మోకాలో తగిలి కారు కేకలు మొదలుపెట్టింది. ఆపడానికి తాళంచెవి లేదు. పై అంతస్తుల్లో కిరాయికున్నవాళ్లు బాల్కనీల్లోకి వచ్చి ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. అత్త మొహానికి జానెడు ఎత్తులో కేబుల్ తీగలు, ఒక ఏసీ పెట్టె నుంచి కారుతున్న నీళ్లు. ఆ నీళ్లు ఆమె నుదుటి మీద పడుతుంటే తుడవడానికి నా చేయి అందలేదు.

అంబులెన్సులో ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను. నొప్పికి మాట మగతగా వస్తోంది. "బిడ్డా, నన్ను పడుగు మీదికెల్లి దాటిచ్చిన్రా?" అంది. లేదన్నాను. "మరి గంత మీదికి ఎందుకు లేపిన్రు?" అంది. కారు సంగతి చెప్పడానికి సిగ్గేసింది. దవాఖానకు చేరేదాకా ఆమె చేతిని నిమురుతూ ఉండిపోయాను.

పడుగు అంటే ఏమిటో ఆ గల్లీలో ఇప్పుడు పెరుగుతున్న పిల్లలకు తెలియదు, కనుక చెప్పుకోవాలి. మాది నేతపనివాళ్ల గల్లీ. ఇంటికో గుంట మగ్గం, కొన్ని ఇళ్లలో రెండు. మగ్గానికి ఎక్కించే ముందు చీరల పొడుగు దారాలన్నీ ఒకటిగా చేర్చి గల్లీ పొడవునా చాపేవాళ్లు. అదే పడుగు. రెండు కొసలా తాళ్లతో బిగించి, మధ్య మధ్య వెదురు కర్రల మీద నిలిపి, గంజి పట్టించి, మనుషులు చెరో పక్క నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుకుంటూ పోయేవాళ్లు. ఏ పోగుకా పోగు విడిగా ఆరాలి. ఎండ ముదిరితే పోగులు పెళుసెక్కి తెగుతాయి, ఆలస్యమైతే ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందుకే తెల్లవారుతుండగానే పని మొదలయ్యేది. మా బాపు అరుగు మీద నిలబడి ముందు ఆకాశం చూసేవాడు, తరువాత గోలెంలో గంజిని వేళ్ల మధ్య రాసి చూసేవాడు, ఆ తరువాతే మొహం కడుక్కునేవాడు. రాత్రంతా పులిసిన గంజి, అందులో కలిపిన నూనె, అలుకు చల్లిన వాకిళ్ల పేడ, తడి నూలు, ఈ వాసనలన్నీ కలిస్తేనే నాకు తెల్లవారినట్టు. అది మంచి వాసన అని నేను అనను. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్లు. కానీ పొద్దెక్కేసరికి ఎండకు పోయేది, మళ్లీ మర్నాడే వచ్చేది.

పడుగును బయటికి తెచ్చేముందు ఎవరో ఒకరు కేక పెట్టాలి. మా గల్లీలో ఆ కేక రాజవ్వ అత్తదే. అదే గల్లీలో పుట్టి, అదే గల్లీలో చివరి ఇంటికి కోడలుగా పోయింది కనుక ఆమెకు ఎవరన్నా భయం లేదు. నెత్తికి కొంగు చుట్టుకుని దారి నడుమ నిలబడి, "పడుగొస్తుంది! జరుగుండ్రి!" అని రెండే మాటలు అనేది. ఆ గొంతు వినబడితే ఆరుబయట పడుకున్నవాళ్ల మంచాలు లేచేవి, మేకలు లోపలికి పోయేవి, చాయ్ తాగుతూ కబుర్లు చెప్పేవాళ్లు అరుగులెక్కేవాళ్లు. చాపిన పడుగును దాటడమంటే మా ఇళ్లలో అన్నం పెట్టిన కంచాన్ని దాటినట్టే. పిల్లలం కిందినుంచి వంగి దూరాలి. పెద్దవాళ్లు ఆగాలి, ఆగలేకపోతే చుట్టు తిరిగి పోవాలి. ఎడ్లబండ్లు ఏ గొడవా లేకుండా వెనక్కి మళ్లేవి. ఒకసారి ఒక పెళ్లికొడుకు ఊరేగింపే గల్లీ మొదట్లో ఆగింది. బాజాలవాళ్లు దుకాణం ముందు కూర్చుని బీడీలు ముట్టించారు, పెళ్లికొడుకు బాసింగంతో సహా చెమటలు కక్కుతూ నిలబడ్డాడు, పడుగు ఆరేదాకా ఎవరూ నోరెత్తలేదు. అత్త మాత్రం కుంచె ఆపకుండానే, "ఏం తొందరనయ్యా, పిల్ల యాడికి పోతది?" అంది. పిల్లలకు కూడా పనులుండేవి. నా పని కోళ్లను కొట్టడం. చేతిలో సన్న కట్టె పట్టుకుని పడుగు పక్కనే నడిచేదాన్ని. కోడి గనక తడి పడుగు కింద దూరి రెక్కలు విదిలించిందా, బాపు నన్ను చూసే చూపుకు ఆ పూట జొన్న గటక గొంతు దిగేది కాదు.

నర్సింలు పుట్టిన పొద్దుట కూడా నా చేతిలో ఆ కట్టె ఉంది. ముందు రోజు సాయంత్రం నుంచి మా అవ్వ, అంటే మా అమ్మ, నొప్పులు పడుతోంది. తెల్లవారాక మంత్రసాని చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, "ఇగ నాతోని కాదు. దవాఖానకు తీస్కపోండ్రి, ఆలిశం జేస్తే ఇద్దరు దక్కరు" అంది. బాపు అప్పటికే ఎడ్లబండి తెప్పించి గల్లీ మొదట్లో నిలిపాడు. ఇప్పుడు అంబులెన్సులు ఆగే చోటే అది. నులక మంచం మీద అవ్వను పడుకోబెట్టి నలుగురు ఎత్తారు. గడప దాటేసరికి ఎదురుగా పడుగు ఉంది. రాజవ్వ అత్త వాళ్ల పడుగు. అప్పుడే గంజి పట్టించారు, ఇంకా కారుతోంది. మంచం పోయేంత దారి దానికి అటూ లేదు, ఇటూ లేదు. అత్త మొగుడు, మా మామ, చెడ్డవాడు కాదు. ఆ పడుగు మీదనే వాళ్లింట్లో ముందు ముందు పొయ్యి వెలగాలి. "గంజి ఆరేదాక జర ఆగుండ్రి, గాయింత సేపే గద" అన్నాడు. మంచం మీద అవ్వ గొంతు అప్పటికే అరవడం మానేసింది.

అత్త కుంచె పట్టుకుని నిలబడిపోయింది. ఆమెకు అప్పటికి పుట్టిన పిల్లలెవరూ నిలవలేదు. ఆ ఇంట్లోంచి చిన్న చిన్న మూటలు బయటికి పోవడం నేనే చూశాను, అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆమె అవ్వ మొహం చూసింది, పడుగు చూసింది, కుంచె కింద పడేసింది. "ఎత్తుండ్రి! అరుగులెక్కి పడుగెత్తుండ్రి!" అని అరిచింది. మామ ఏదో అనబోయాడు కానీ ఆ కేకలో వినబడలేదు. గల్లీలో వాళ్లందరూ రెండు వైపులా అరుగులెక్కారు. ఎవరో పరుగెత్తి కొసన తాళ్లు వదులు చేశారు. వెదురు కర్రలతో సహా పడుగును పట్టి తలల మీదికి ఎత్తారు, ఈ కొస నుంచి ఆ కొసదాకా. దాని కిందుగా నలుగురు మంచం పట్టుకుని వంగి పరుగెత్తారు. నేను వాళ్ల వెనక పరుగెత్తాను. పైన తెల్లటి దారాలు పందిరిలా పోతూనే ఉన్నాయి, గంజి చుక్కలు అవ్వ మొహం మీద, నా మెడ మీద, మంచం మోసేవాళ్ల వీపుల మీద టపటపా పడుతున్నాయి. బండి ఎక్కించేసరికి మేమందరం తెల్లగా అయిపోయాం.

అవ్వ బతికింది, నర్సింలు బతికాడు. పడుగు చెడింది. ఎత్తి పట్టుకున్నవాళ్లలో సగం మందికి పట్టడం రాదు, పోగులన్నీ జడలుగా అంటుకుపోయాయి. అత్త గడపలో కూర్చుని వాటిని ఒక్కొక్కటే విడదీస్తూ, తెగినవి ముడివేస్తూ ఉండటం చాలా రోజులు చూశాను. మామ గొణుగుతుంటే ఒకసారే జవాబిచ్చింది. "పోగులు అంటుకుంటే ఇడదీస్కుంట తియ్. ఒదినె పోతే ఎవలు తెస్తరు?" అంది. తరువాత ఆ ఊసు ఎప్పుడూ ఎత్తలేదు. మా అవ్వే ఎత్తేది. నర్సింలు అల్లరి చేసినప్పుడల్లా, "మీ అత్త పడుగు పాడుజేసి పుట్టినవురా" అని తిట్టేది.

ఇదంతా చెప్పి ఆ రోజులే బంగారం అనే రకం కాదు నేను. ఆ మాట అనేవాళ్లను చూస్తే కూడా నాకు ఒళ్లు మండుతుంది. మా అవ్వకు లోటా పట్టుకుని చీకటితోనే చేన్లలోకి పోయే బాధ తప్పలేదు. మగ్గం గుంటలో తేమకు బాపు మోకాళ్లు ముందే పోయాయి, దగ్గు చివరిదాకా పోలేదు. పూటకు గటక, పచ్చిపులుసు ఉంటే అది మంచి రోజు. ఇప్పుడు ఆ గల్లీలో ప్రతి ఇంట్లో నల్లా ఉంది, మరుగుదొడ్డి ఉంది, ఆడపిల్లలు కాలేజీకి పోతున్నారు. ఆ కాలంలో ముసలామెకు తుంటి విరిగితే మూల మంచం వేసి ఎదురుచూడటమే వైద్యం. రాజవ్వ అత్తకు సర్కారు దవాఖానలో లోపల రాడ్ వేసి, కొన్నాళ్లకే లేపి నిలబెట్టారు. ఆ డాక్టరమ్మకు నేను చేతులెత్తి మొక్కాను. మిషన్లను తిట్టే ఉద్దేశం నాకు లేదు, నా స్కూటీ కూడా మిషనే.

నా రోత వేరే. మరమగ్గాల బట్ట చవగ్గా వచ్చి పడ్డాక మా మగ్గాలు ఒక్కొక్కటే లేచిపోయాయి. మగవాళ్లు మరమగ్గాల్లో కూలికి భీవండికి పోయారు, కొందరు దుబాయికి పోయారు. గల్లీలో చివరి పడుగు ఎప్పుడు చాపారో ఎవరికీ గుర్తులేదు. గల్లీకి పొద్దుటిపూట పని లేకుండా పోయింది, పని లేని జాగా అందరి కళ్లలో పడింది. కోడలికి వంటగది కావాలని ఒకరు అరుగు పగలగొట్టి గోడ ముందుకు జరిపారు. పక్కింటివాళ్లు ఊరుకుంటారా? వాళ్లు రెండడుగులు ఎక్కువే జరిపారు. ఊరు జిల్లా కేంద్రమయ్యాక కిరాయిలు వచ్చాయి. ఇంటి మీద ఇల్లు, దాని మీద రేకులు, ఒక్కో గదికి ఒక కుటుంబం. బండ్లు ఎక్కడానికి ఇళ్ల ముందు మురుగు పారే మోరీ మీద ర్యాంపులు పోశారు. మోరీ కనబడకుండా పోయింది కనుక తీసేవాళ్లు కూడా లేరు. అందులో ఏముందో అందరికీ తెలుసు. డైపర్లు, కోడి ఈకలు, టిఫిన్ సెంటరు నూనె, నల్లటి నీళ్లు. వాన పడితే అది స్నానాల గది తూము గుండా ఇళ్లలోకే తిరిగి వస్తుంది. బోరు నీళ్లు వాసన వస్తాయని తాగడానికి నీళ్ల క్యాన్లు కొంటారు, ఆ క్యాన్లు తెచ్చే ఆటో గల్లీని ఇంకాస్త మూస్తుంది. చెత్తబండి రోజూ వస్తుంది పాపం, లోపలికి రాలేక దుకాణం దగ్గర ఆగి పాట పెడుతుంది. అంత దూరం ఎవరు నడుస్తారని పై అంతస్తు నుంచి సంచీ విసిరేస్తారు. ఛీ, రాస్తుంటేనే చేయి కడుక్కోవాలనిపిస్తోంది.

అడిగితే అందరిదీ ఒకటే మాట, జనం ఎక్కువయ్యారని. అనేవాడు తనను ఆ జనంలో కలుపుకోడు. మా చిన్నప్పుడు ఒక్కో ఇంట్లో ఎంతమందిమి ఉండేవాళ్లమో నాకు తెలుసు. ఇప్పుడు నర్సింలుకు ఒక్కడే కొడుకు, ఎదురింట్లో ఇద్దరు పిల్లలు. కిరాయివాళ్లతో కలిపితే మనుషులు పెరిగిన మాట నిజమే. కానీ మనిషికి మునుపు ఒక మంచం జాగా చాలేది. ఇప్పుడు ఆ మనిషి వెనక ఒక బండి, ఒక కూలరు, ఒక వాషింగ్ మిషను, వాడని సామాను పెట్టుకోవడానికి ఇంకో గది వస్తున్నాయి.

దవాఖాన నుంచి అత్తను మా ఇంటికి తెచ్చుకున్నాను. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయడం నేర్చుకున్న రోజు నుంచే పోరు మొదలుపెట్టింది. "ఈ కాలనీల మనుషులున్నరా బిడ్డా? అన్నీ గేట్లే కనవడ్తున్నయి. నన్ను మా ఇంటికాడ దింపు" అనేది. సరే, ఇద్దరు మనుషులను పెట్టి ఎత్తుకుపోతాం అన్నాను. ఆమె మొహం గట్టిపడింది. అప్పటికి కారు సంగతి ఎవరో చెప్పేశారు. "నేను నడుసుకుంటనే పోత. నన్ను మల్ల గా కారు మీదికెల్లి లేపుతమంటే రాను. గీడనే సస్త, నీ గేటు కాడ" అంది. ఊరికే అనే మనిషి కాదు. వాకర్ నడవాలంటే సాపు దారి ఉండాలి, పక్కకు తిరిగి దూరితే మళ్లీ పడుతుంది. ఇంకోసారి పడితే లేవదని డాక్టరమ్మ ముందే చెప్పింది. అంటే నర్సింలు ర్యాంపు పోవాలి. పోతే అత్త తన ఇంటికి పోతుంది, లేకపోతే పోదు.

నేను వెళ్లి అడిగాను. నర్సింలు తల గోక్కున్నాడు. "ఒక్క మా ర్యాంపేనా అక్కా నీకు కనవడ్డది? గల్లీ అంత గట్లనే ఉన్నది. జనం పెరిగిన్రు, బండ్లు పెరిగినయి. మనమేం జేస్తం?"

"నువ్వు జనం కాదారా?"

రాకేశ్ ఫోన్ లోంచి తల ఎత్తకుండానే, "అత్తమ్మా, ముసలవ్వను నేను ఎత్తుకొస్త తియ్. ఒక్కసారికి ర్యాంపు పలగొట్టుడేంది?" అన్నాడు. ఒక్కసారి. అంటే ఆమె లోపలికి పోయాక మళ్లీ బయటికి వచ్చేది లేదని వాడు తేల్చేసుకున్నాడు. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. లేస్తూ నర్సింలుతో, "నువ్వు పుట్టిన్నాడు ఎవల పడుగు ఎత్తిన్రో ఎరుకనా?" అన్నాను. "ఎరుకే అక్కా" అన్నాడు, గోడ వైపు చూస్తూ. మరదలు చాయ్ తెస్తున్నా ఆగకుండా వచ్చేశాను.

వారం తిరక్కుండానే నర్సింలు ఫోన్ చేశాడు. "పొద్దున రా" అని ఒకటే మాట. వెళ్లేసరికి కారు అక్కడ లేదు. ఊరి బయట ఎవరి ఖాళీ జాగానో కిరాయికి తీసుకున్నాడట. ర్యాంపును మిషనుతో పగలగొట్టిస్తున్నాడు. సిమెంటు పెళ్ల లేవగానే కింది మోరీ ఒక్కసారి ఊపిరి వదిలింది, గల్లీ అంతా ముక్కులు మూసుకుని తలుపులు వేసుకుంది. అందులోంచి తీసిన బురద, సంచులు కుప్పపోస్తే నా మోకాలంత ఎత్తు అయ్యింది. కుప్ప పక్కన, పాత అరుగు మూల, సిమెంటులో కూరుకుపోయిన ఒక రాతి గుంజ బయటపడింది. దాని మెడ దగ్గర తాడు ఒరుసుకుని పడిన నున్నటి గాడి ఉంది. బాపు పడుగు బిగించి కట్టింది దానికే. పనివాడు మిషను దాని మీద పెట్టబోతే నర్సింలు అడ్డం పోయాడు. "గది ఉండనియ్యి" అన్నాడు. తరువాత బురదలోనే గొంతుక్కూర్చుని, ఆ గాడిలో ఇరుక్కున్న సిమెంటును వేలితో గీకుతూ ఉన్నాడు. వాడి మీద కోపం ఉన్నా, ఆ పూట వాడింట్లో చాయ్ తాగాను. రాకేశ్ నాతో మాట్లాడలేదు.

అత్త ఆటో దిగి, వాకర్ సరిచేసుకుని, గల్లీ మొదట్లో నిలబడింది. దారిలో ఇంకా మోటారు సైకిళ్లు ఉన్నాయి. తీయమని అడగడానికి నేను నోరు తెరిచేలోపు ఆమె నెత్తి మీదికి కొంగు లాక్కుంది. "పడుగొస్తుంది! జరుగుండ్రి!" అంది. గొంతు మధ్యలో జీరపోయింది. కిరాయికున్న ఒక పిల్ల చెవిలోంచి వైరు తీసి, "ఏమొస్తుందంటున్నది?" అని పక్కదాన్ని అడిగింది. ఒకరిద్దరు ముసలివాళ్లు మాత్రం తలుపులు తీసుకుని గబగబా గడపల మీదికి వచ్చారు. నర్సింలు, ఆ వయసులో, పంచె ఎగ్గట్టుకుని ముందు పరుగెత్తి ఒక్కో బండినీ తానే ఎత్తి పక్కకు నెట్టాడు. అత్త వాకర్ టక్కుటక్కుమనిపించుకుంటూ నడిచింది. ర్యాంపు పోయి, మోరీ మీద సాపుగా బండలు పరిచిన చోట ఆగి, గుంజ మీద చేయి పెట్టి ఊపిరి తీసుకుంది. "గింత జాగ ఉంటే సాలు. మనిషి నిలవడొచ్చు" అంది. తన ఇంటి గడప తానే దాటింది. నేను దుకాణం దాకా తిరిగి వస్తూ కొంగుతో కళ్లు తుడుచుకున్నాను, అది దాచుకోను.

రెండు రోజుల తరువాత ఆమెకు ఇష్టమని జొన్నరొట్టెలు, పచ్చిపులుసు చేసుకుని క్యారియర్‌లో పెట్టుకుని బయలుదేరాను. దారిలో వాన పట్టుకుంది. దుకాణం పక్కన నా స్కూటీ నిలిపే చోట వరసగా బండ్లున్నాయి. ఆ బండ్లవాళ్లను మనసులో తిట్టుకుంటూ గల్లీలోకి తిప్పాను. నర్సింలు ఇంటి ముందు, గుంజ పక్కన, శుభ్రంగా కడిగినట్టున్న ఖాళీ కనబడింది. సరిగ్గా నా స్కూటీకి సరిపోయేంత. వాన మీద వాన, చేతిలో వేడి క్యారియర్, అక్కడ పెడితే ఎంతసేపట్లో తిరిగి వస్తాను! స్టాండు వేసి, తాళం తీసుకుని, పైట నెత్తిన కప్పుకుని గబగబా నడిచాను.

అత్త గడపలో కుర్చీ వేసుకుని వాన చూస్తూ కూర్చుంది. నన్ను చూసి మొహం విప్పారింది, మళ్లీ అంతలోనే ముడుచుకుంది.

"అచ్చినవా బిడ్డా. అగో, గా గుంజ కాడ అప్పుడే ఎవలో బండి తెచ్చి పెట్టిన్రు జూడు. రెండు దినాలు కాలే ఇంక. నా కండ్లు ఆనతలేవు గని, జర ఎవల్దో అడిగి తియ్యమను. ఇంత సిగ్గు లేకుంటెట్ల మనుషులకు?"

తాళంచెవి నా గుప్పిట్లో ఉంది. క్యారియర్‌ను గడప మీద పెట్టి, వానలోకి వెనక్కి తిరిగాను.

"ఎవల్దే బిడ్డా అది?" అని ఆమె వెనక నుంచి అడుగుతూనే ఉంది.